కాలవమీద వెళ్ళి, సముద్రంమీద వచ్చి

పన్నెండేళ్ళపాటు జాడ తెలియని మనిషిని మావైపు చచ్చినవాడికిందే లెక్క వేస్తారు. దర్భలతో ఆ మనిషి బొమ్మ చేసి, పాడెమీద పడుకోబెట్టి, మోసుకుపోయి కాల్చేస్తారు. పదోరోజున అతని భార్య బొట్టు చెరిపేస్తారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. నేను కల్పించినవి ముందుముందు వస్తాయి.

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో మా పెదనాయనకు ఆ గడువు నిండింది. అంతకు పన్నెండేళ్ళ ముందు ఆయన కృష్ణపట్నం రేవులో బియ్యం మూటలతో పోయే తెరచాప ఓడ ఎక్కి మద్రాసుకు బయల్దేరాడు. ఓడా తిరిగి రాలేదు, మనిషీ రాలేదు. ఓడ మునిగిపోయిందని కొందరన్నారు. కాదు, మధ్యలో ఏదో రేవులో దిగి ఉండిపోయాడని కొందరన్నారు. మునిగిందన్నవాళ్ళు మునగడం చూడలేదు, దిగాడన్నవాళ్ళు దిగడం చూడలేదు. ఈ రెండు పక్షాల మధ్యా పెద్దమ్మ పిల్లాజెల్లా లేకుండా, మా ఉమ్మడి ఇంట్లోనే ఉంటూ, రోజూ పొద్దున్నే స్నానం చేసి కుంకుమ పెట్టుకునేది. మొదట్లో కందిగింజంత ఉండేది. ఏటేటా పెరుగుతూ వచ్చింది. పన్నెండో ఏటికి ఎంతయిందంటే, మూడు మైళ్ళ అవతల ముత్తుకూరు పొలాల్లో పడుకున్నవాడు దాన్ని చూసి తెల్లవారిందనుకుని ఎద్దుల్ని విప్పేవాడు.

పదమూడో ఏడు పడకముందే పని ముగించాలని మా నాయనా, పురోహితుడూ కలిసి ఉగాదికి ముందొచ్చే దశమినాటికి ముహూర్తం పెట్టారు. ఆ మాట చెప్పినప్పుడు పెద్దమ్మ ఏడవలేదు. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆపి, ఒకే ఒక్క కోరిక కోరింది.

"ఒకసారి నీళ్ళమీద మద్రాసు దాకా పోయొస్తా. ఆ పైన మీ ఇష్టం."

కాదనగలిగిన మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు. అయితే ఏ నీళ్ళమీద పోవాలన్నదే తగువు. ఆ రోజుల్లో మా వైపునుంచి దక్షిణానికి రెండు నీటిదారులుండేవి. ఒకటి సముద్రాన్ని ఆనుకుని పోయే కాలవ. కట్టెలూ ఉప్పూ మోసే పడవలు అందులో రేవురేవునా ఆగుతూ, దిగేవాళ్ళను దింపుతూ ఎక్కేవాళ్ళను ఎక్కించుకుంటూ పోయేవి. రెండోది సముద్రం. అందులో ఎక్కడా ఆగడం లేదు, చుట్టూ నీళ్ళే.

"కాలవలో పో వదినా. నాలుగు రేవుల్లో దిగి నలుగుర్ని అడగొచ్చు. సముద్రంమీద ఎవుర్ని అడగతావు, చేపల్నా?" అన్నాడు మా నాయన.

"ఆయన పోయింది సముద్రంమీద గదా."

"పోయింది సముద్రంమీదే. ఉంటే గింటే ఉండేది నేలమీదే గదా!"

పెద్దమ్మ మళ్ళీ చేట అందుకుంది. కాలవలో పోవడమంటే మనిషి బతికున్నాడని నమ్మడం. సముద్రంమీద పోవడమంటే... ఆ వాక్యం మా ఇంట్లో ఎవరూ పూర్తిచేయలేదు.

తోడుగా ఎవరు పోవాలన్నదానికి మాత్రం చర్చ జరగలేదు. నెల్లూరు కాలేజీలో రెండేళ్ళు చదివి, ఆ చదువు అలసట తీర్చుకోవడానికి మూడేళ్ళుగా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా ఓటు కాలవకే వేశాను. కారణం పెదనాయన కాదు, నా కడుపు. చెంబులో నీళ్ళు రవ్వంత తొణికితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. పైగా రేవురేవునా ఇడ్లీ దొరుకుతుందని ఎవరో చెప్పారు.

సరుగుడు కట్టెల పడవలో బయల్దేరాం. ఇద్దరు మనుషులు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు. మా వేగం ఎంతటిదంటే, గట్టున మేసే గేదె ఒకటి మమ్మల్ని దాటి ముందుకుపోయి, అక్కడ ఒక కునుకు తీసి, లేచి వెనక్కొచ్చి, మేము వస్తున్నామో లేదో కనుక్కుని పోయేది.

మొదటి రేవులోనే చిక్కు వచ్చిపడింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పరాయి మగవాళ్ళ ముందు ఆయన రూపం వర్ణించడం అంతకంటే తప్పు. కాబట్టి పెద్దమ్మ పడవమీద చాపలతో వేసిన కప్పుకింద తలవంచుకుని కూర్చుంది. అడిగే పని నామీద పడింది. ఉన్నదున్నట్టే అడిగాను. నల్లగా, పొడుగ్గా ఉంటాడు, ఎడమ చెవికి చిన్న గాటు ఉంటుంది అన్నాను.

రేవులో చుట్ట కాలుస్తున్న మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "అట్టాంటోళ్ళు ఈ గట్టున నలభైమంది ఉండారు. నేనూ నల్లంగా, పొడుగ్గానే ఉండా. తోలకపోతావా?"

అందరూ నవ్వారు. నాకు చిన్నతనమనిపించింది. "చిన్న గాటంటే మామూలు గాటు కాదు. సొరచేప కొరికింది. సగం చెవి పోయింది" అన్నాను.

చుట్ట ఆరిపోయింది. ఉప్పు బస్తాలు దించేవాళ్ళు దించడం మానేశారు. ఒకడు నాకు కూర్చోమని పీట వేశాడు, ఇంకొకడు మజ్జిగ తెప్పించాడు. సొరచేప ఎంత పొడుగని అడిగారు. పడవంత అన్నాను, మా పడవ పక్కనే ఉండటంవల్ల కొలత తేలికయింది. పెదనాయన జాడ తెలియలేదుగానీ, పడవ కదిలేసరికి రేవంతా మమ్మల్ని సాగనంపింది.

"కాలవలో పడవకంటే మాట ముందు పోతాది సామీ" అన్నాడు పడవవాడు ఎందుకో. నేను మజ్జిగ మత్తులో ఉన్నాను.

రెండో రేవులో నేను నోరు తెరవకముందే ఒకడు ఎదురొచ్చాడు. "చెవి లేని ఆయన కోసం వచ్చింది మీరేనా? పోయిన వానాకాలం ఈడికొచ్చినాడు. సంగటి పెడితే తిన్నాడు. తిని దక్షిణంగా పోయినాడు."

సగం చెవి పూర్తిగా పోయింది! మా ముందు పోయిన పడవల్లో ఎవరో మిగతా సగమూ కోసేశారు. చాపకిందనుంచి పెద్దమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"సంగటిలోకి ఏం ఏసినారో అడుగు అబ్బయా."

"గోంగూర" అన్నాడు వాడు, తడుముకోకుండా.

పెదనాయనకు గోంగూరంటే ప్రాణమట. ఆ పూట పెద్దమ్మ అన్నం తినలేదు.

మూడో రేవులో మజ్జిగ లేదు, పీట లేదు. మమ్మల్ని చూడగానే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు వేసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం చేతులు జోడించి ముందుకొచ్చాడు. "ఆయన్ని మీ ఊరికి తోలకపోండి సామీ, మీకు పుణ్యముంటాది. పట్టపగలే సరుగుడు తోపుల్లో తిరగతా ఉండాడు. కుక్కలు కూడా మొరగవు ఆయన్ని చూసి."

"మీరు చూసినారా?" అన్నాను.

"చూసినోళ్ళు చెప్పినారు."

పడవ కదిలాక తోపులవైపు చూడకూడదనుకున్నాను. చూడకుండా ఉండలేకపోయాను. సరుగుడు చెట్ల మధ్య ఎండ నిలువుగా పడుతోంది. ప్రతి మానూ నల్లగా, పొడుగ్గా ఉంది. నేను పుట్టించిన మనిషి నాకంటే ముందు నడిచి, రేవురేవునా నాకోసం కాచుకుని ఉంటున్నాడు. ఏ రేవులో ఎదురుపడితే ఏమని పలకరించాలో తెలియక, పడవవాడు పెట్టిన చేపల పులుసుకూడా మూడుసార్లు మాత్రమే వడ్డించుకున్నాను.

పులికాటు రేవులో ఎండుచేపలమ్మే ముసలమ్మ తేల్చిచెప్పేసింది. "రెండు చెవులూ లేవు బిడ్డా. అందుకే ఎంత పిలిచినా పలకడు. ఎవురు కనపడినా కిష్టపట్నం ఎంత దూరమని అడగతాడంట. జవాబు వినపడదు గదా, మళ్ళా అడగతాడు." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న మీ పడవ ఎనకాలే గట్టుమీద నడస్తా వచ్చినాడంట. మీరు తిరిగి చూళ్ళేదా?"

నేనప్పుడు తిరిగి చూశాను. గట్టు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండటమే మరీ భయంకరంగా ఉంది.

ఇక ఆగలేకపోయాను. పెద్దమ్మను ఒక పక్కకు తీసుకుపోయి ఉప్పు కుప్పల నీడన కూర్చోబెట్టాను. "పెద్దమ్మా, ఆ చెవి నేను కోసిందే. అంతా నా నోటి పాపం. ఆయన్ని ఎవరూ చూడలేదు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. పెద్దమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది, బొట్టు చెరగకుండా చుట్టూ తుడుచుకుంది.

"నాకు తెలవదా? మొదటి రేవులోనే ఇన్నాగదా నువ్వు కోస్తా ఉంటే."

"మరి ఆపలేదే?"

"ఎవురో ఒకరు, రెండు చెవులూ ఉండే మనిషిని చూసినామంటారేమోనని."



దశమి ఇంకా మూడు రోజులే ఉంది, మద్రాసు దాకా పోయే వ్యవధి ఇక లేదు. కాలవలో తిరిగిపోతే రేవులన్నీ తాకుతూ చేరేసరికి దాటిపోతుంది. బండి కట్టించుకుని పోయి రైలెక్కితే ఒక్కరోజులో ఇల్లు చేరొచ్చన్నాను.

"నువ్వు రైల్లో పో అబ్బయా. నేను ఇంక ఏ రేవులోనూ దిగను" అంది పెద్దమ్మ. ఆమె వేలు సముద్రంవైపు చూపిస్తోంది. మద్రాసునుంచి పెంకులతో కృష్ణపట్నం పోతున్న ఓడ ఒకటి తాగునీళ్ళ కోసం అక్కడ లంగరు వేసి ఉంది.

దాన్ని నడిపే సరంగు ఎండకు మాడిన మనిషి, ముక్తసరి మాట. "గాలుంటే రేపు సాయంత్రానికి దించేస్తా. లేకుంటే నా చేతుల్లో లేదు" అన్నాడు.

గాలి ఉంది. మొదటిరోజు నేను తిన్నవన్నీ సముద్రానికి సమర్పించుకున్నాను. నిరుటి ఉగాది పచ్చడిలోని వేపపువ్వుకూడా బయటికి వచ్చిందని ఒట్టేసి చెప్పగలను. సాయంత్రానికి నేల కనుమరుగైంది. మర్నాటి పొద్దున గాలి చచ్చిపోయింది.

తెరచాప దండెంమీద ఆరేసిన చీరలా వేలాడింది. నీళ్ళు నూనెలా నిలిచిపోయాయి. ఒడ్డు ఏవైపో సరంగుకు తెలుసనే నమ్మకంతో మేమందరం అతని మొహం చూశాం. అతను మాత్రం తూర్పున మసకబారిన ఆకాశంకేసి చూస్తూ, ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. మధ్యాహ్నానికి నీళ్ళ పీపాకు తాళం వేశాడు. మనిషికి పూటకు ఒక గ్లాసు. కళాసులు పాడుకోవడం ఆపేశారు. ఓడ కొయ్యలు మాత్రం ఉండుండి మూలిగేవి. అడుగున ఎవరో ఒళ్ళు విరుచుకుంటున్నట్టుండేది. నేను ఆ చప్పుడు వినపడకుండా నా రెండు చెవులూ మూసుకుని, మూసుకున్నందుకు ఇంకా భయపడ్డాను.

పెద్దమ్మ ఒక్కతే హాయిగా ఉంది. అటుకులు నమిలింది. ఓడ అంచున కూర్చుని గంటలకొద్దీ నీళ్ళవైపు చూసింది.

"ఈడ ఎవురూ ఏమీ చూళ్ళేదు అబ్బయా. ఎవురూ ఏమీ చెప్పరు. ఎంత నిమ్మళంగా ఉండాదో" అంది.

దశమినాడు తెల్లవారింది. గాలి లేదు. పెద్దమ్మ తన వాటా గ్లాసు తీసుకుని, అందులో వేలు ముంచి, కుంకుమ తడిపి, ఎప్పటిలాగే పెట్టుకుంది. సరంగు చూస్తూ నిలబడ్డాడు.

"తాగను నీళ్ళు లేవమ్మా."

"నా వాటాలోదే గదా నాయనా" అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఈపాటికి ఆడ దర్భలు కడతా ఉంటారు. నేను ఈడుండంగా వాళ్ళేం చేసినా నాకు తెలవదు." గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, మళ్ళీ అంది. "ఈ గాలి ఇట్టే రాకుండా ఉంటే బాగుండు."

సరంగు ఒక్క అంగలో వచ్చి తెరచాప కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆ మాట అనబాకమ్మా! నీ కాళ్ళు మొక్కతా, ఓడమీద ఆ మాట అనబాక!"

ఆమె మళ్ళీ అనలేదు. అనుకోకుండా ఉందో లేదో చెప్పలేను. ఆ రోజంతా ఓడ అంగుళం కదల్లేదు. పొద్దు వాలాక దక్షిణంనుంచి ఒక్కసారిగా గాలి విరుచుకుపడింది. పెంకులన్నీ పళ్ళు కొరికినట్టు చప్పుడు చేశాయి. మర్నాడు జాముపొద్దెక్కేసరికి కృష్ణపట్నం రేవు కనిపించింది. పెద్దమ్మ దానికి వీపు పెట్టి కూర్చుంది.

లంగరు వేశాక చిన్న పడవలో మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. సముద్రస్నానానికి వచ్చిన మా నాయన ఒక్కడే ఇసుకలో నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయేదాకా నేను గుర్తుపట్టలేదు. గుండు చేయించుకున్నాడు. నేను పుట్టాక ఎన్నడూ చూడని ఆయన పైపెదవి బోడిగా, తెల్లగా ఉంది. ఆయన చూపు పెద్దమ్మ నొసటిమీద పడి, అక్కడ నిలవలేక ఇసుకలోకి జారిపోయింది.

"నిన్న పొద్దుగూకేదాకా చూసినాం వదినా. ముహూర్తం దాటిపోతాదని అయ్యోరు..." అన్నాడు.

పెద్దమ్మ మోకాలి లోతు నీళ్ళల్లోనే నిలబడి ఉంది. అక్కడినుంచి నడిచి వచ్చింది. మరిది మొహాన్ని ఆమె ఎన్నడూ నేరుగా చూసి ఎరగదు. ఇప్పుడు ఎదురుగా నిలబడి, తలెత్తి, రెప్పవేయకుండా చూసింది.

"మీసం తీసేస్తే అచ్చం మీ అన్నే" అంది.

మా నాయన సిగ్గుతోనో భయంతోనో భుజాన ఉన్న కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకోబోయాడు.

"తియ్. కప్పుకోబాక. రవ్వంతసేపు అట్టే నిలబడు."

మా నాయన కండువా దించి, కదలకుండా నిలబడ్డాడు.