గురిగిలో ఊక

జనగామలో రైస్ మిల్లు ముందు ఆటో ఆగినప్పుడల్లా పచ్చి ఊక వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం మనసులో దేవరుప్పుల దగ్గరి మా పల్లెలో, పొయ్యి పక్కన మా నాయినమ్మ పెట్టుకున్న మట్టి గురిగి దగ్గరికి పోతాను.

ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ దేవుని పేరు మీద ఒక పిడికెడు తీసి ఆ గురిగిలో వేసేది, గంజితో సరిపెట్టుకున్న రోజుల్లోనూ ఆ పిడికిలి చిన్నది కాలేదు. ఆదివారం దాన్ని చర్చికి మోసుకుపోయి, ముందు పరిచిన దుప్పటిలో పోసేది.

కోత పండుగకు చర్చి గుంజలకు వరి గొలుసులు కట్టేవాళ్లు, బయట గారెలు వేగుతుంటే లోపల ఎవరికీ ప్రార్థన మీద ధ్యాస ఉండేది కాదు. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు బైబిలు వాక్యం చదివే వంతు నాదన్నారు. మేడలు, తోటలు, బంగారం అన్నీ కూడబెట్టి, చివరికి లోపల ఏమీ మిగల్లేదని నిట్టూర్చిన యెరూషలేము రాజు మాటలవి. నెల రోజులు కొట్టంలో బర్రెలకు చదివి వినిపించాను. తీరా ముందురోజు, తన బిడ్డ చదువుతుందన్నాడు సంఘ పెద్ద.

"గా పిల్లకు ఒత్తులే రావు అవ్వా" అని ఏడ్చాను.

"ఎవలు చదివితేంది బిడ్డా, ఇనేటిది మనమే గద" అంది. అది నాకు రెండో అవమానం.

ఆ సాయంత్రం గురిగిలోని బియ్యం కోళ్లకు చల్లి, ఊక నింపి, పైన కాసిని బియ్యం పరిచాను. సంఘ పెద్ద పండుగ పాడవ్వాలి, అంతే. మోసేది అవ్వ అని తట్టలేదు.

మర్నాడు అవ్వ గురిగి ఎత్తి, ఆగి, నా వైపు చూసింది. నేను జడ వేసుకుంటున్నాను. చర్చిలో ఆమె వంచగానే ఊక దుప్పటంతా పరుచుకుంది.

"ఏందవ్వా, దేవున్ని కోడి అనుకున్నవా?" అన్నాడు సంఘ పెద్ద. అందరూ నవ్వారు.

"కండ్లు కనిపిస్తలేవయ్యా" అంది, మసక చీకట్లో బియ్యంలో రాళ్లేరే అవ్వ.

ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. పొద్దున ఎసరు పెట్టి, నా చెయ్యి పట్టి బియ్యంలో ముంచి, ఆ పిడికెడు నాతోనే గురిగిలో వేయించింది. వారం వారం మోసిన చేతికి ఊక తేలిక తెలియకుండా ఉంటుందా అని నాకు పెళ్లయ్యాక గానీ తోచలేదు.

ఇప్పుడా చర్చికి గుంజల్లేవు, స్లాబు పడింది, కానుకలు కవర్లలో వేస్తున్నారు. గోడ మీది పాలరాతిపై సంఘ పెద్ద పేరుంది, దాన్ని చూడకుండానే లోపలికి పోతాను. ఆయన్ని క్షమించలేదు. అవ్వ మీదా నాకు ఫిర్యాదే: ఒక్కసారి అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని, అడక్కుండానే పోయింది.

కుక్కర్ పెట్టేముందు ఇప్పటికీ ఒక పిడికెడు పక్కకు తీస్తాను. వేయడానికి గురిగి లేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మళ్లీ ఆ బియ్యంలోనే వదిలేస్తాను.