పాముల పటేల్, నేను, సకినాల సంచి

మేము బొగ్గుబావి కాలనీలో కొత్తగా కాపురం పెట్టిన కాలంలో మనిషికి రెండు పేర్లు ఉండేవి. ఒకటి కంపెనీ పుస్తకంలో ఉండేది, జీతం రోజు తప్ప దానితో ఎవరికీ పని లేదు. రెండోది కాలనీ పెట్టేది. ఆ రెండో పేరుకు పంతులు, ముహూర్తం ఏమీ అక్కర్లేదు, ఒక్కసారి తప్పటడుగు వేస్తే చాలు. బతుకమ్మ నాడు బురదలో జారిపడిన ఒకాయన రిటైరయ్యాక కూడా జారుడు సర్దారే (సర్దారు అంటే బావిలో ఒక జట్టును నడిపించే మనిషి). ఎవరి పెళ్లిలోనో పప్పు రెండోసారి అడిగిన పాపానికి ఇంకొకాయన తన మనవరాలి పెళ్లిలో కూడా పప్పు మామే అయ్యాడు. మా మందమర్రిలో పెట్టిన పేరు, మనిషికి బదిలీ అయితే ఆయన కంటే ముందు బస్సెక్కి పోయేది. మా ఆయనకు మాత్రం అందరూ కుళ్లుకునే పేరు వచ్చింది: పాముల పటేల్. అది ఎంత అబద్ధమో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసని నేను చాలా ఏళ్లు నమ్మాను.

నిజం చెప్పాలంటే మా ఆయన పిరికివాడు కాదు. భూమి కింద పైకప్పు పెటపెటలాడుతుంటే దాని కిందే కూర్చుని సద్ది తిన్న మనిషి. కానీ పాము అంటే మాత్రం... పాము దాకా ఎందుకు, తడిసిన తాడు కనబడినా మంచం ఎక్కేవాడు. (నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు ఇక్కడ నవ్వి ఆగిపోయింది. రాయవే, తాత ఏమీ అనుకోడు.) నేనేమో ఖానాపూర్ వైపు మక్కచేలల్లో పెరిగినదాన్ని. మా బాపు నన్ను బడికి పంపలేదు కానీ, ఏది నాగో ఏది విషం లేని జెర్రిపోతో గుర్తుపట్టడం నేర్పాడు. బెదిరిన పాముకు చీకటి మూల ఒకటి చూపిస్తే దానంతట అదే అందులోకి పోతుందని కూడా నేర్పాడు. పెళ్లయిన నెలకు మా క్వార్టర్ స్నానాలగదిలోకి ఒక జెర్రిపోతు వచ్చింది. ఆయన మంచం మీద, నేను గదిలో. కడవను పక్కకు వాల్చి, తడి గోనె కప్పి, దాన్ని లోపలికి పంపి బయట పెట్టాను. కేకలు విని కాలనీ ఉరికొచ్చే సరికి ఆయన మంచం దిగి, కర్ర పట్టుకుని కడవ పక్కన నిలబడి ఉన్నాడు. "శెభాష్ అన్నా, ఒక్కనివే పట్టినవా!" అన్నాడు జారుడు సర్దారు. మా ఆయన నా దిక్కు చూశాడు. కొత్త పెళ్లికూతురిని, తల వంచుకుని ఊరుకున్నాను. అంతే, పేరు పడిపోయింది.

ఆ రోజు నుంచి ఎవరింట్లో పాము కనబడినా పిలుపు మా ఇంటికే. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. గది తలుపు మూయాలి, బయటివాళ్ల గాలి తగలకూడదు, మంత్రం చదివేటప్పుడు భార్య పక్కన ఉప్పు పట్టుకుని నిలబడాలి. లోపలికి పోయాక ఆయన స్టూలు ఎక్కి గట్టిగా మంత్రం చదివేవాడు, నేను కింద పని చూసుకునేదాన్ని. మంత్రం ఏమిటనుకున్నారు? బావిలోకి దిగేటప్పుడు షిఫ్టు ముందు చెప్పించే జాగ్రత్తలు! "పైన చూడు, పక్క చూడు, కాలు పెట్టే ముందు కింద చూడు." దాన్నే ఇంత రాగం తీసి, ముక్కుతో చదివేవాడు. బయట ఆడవాళ్లు చేతులు జోడించేవాళ్లు. ఉప్పు పట్టుకున్న దాన్ని కాబట్టి నాకు కూడా కొంచెం గౌరవం దక్కేది.

మా కాపురం ఇట్లా పాముల దయతో నడుస్తుండగా ఒక ఎండాకాలం సెలవుల్లో కాలనీ అంతా కలిసి రెండు రోజుల సైర్‌కు (విహారానికి) బయలుదేరాం. కరీంనగర్ దాటాక గుట్టల కింద కొత్తగా ఒక పార్కు కట్టారు. నీళ్లలో జారేవి, గాలిలో తిప్పేవి, కడుపులో తిన్నది బయటికి రప్పించేవి అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే పేరుగన్నది నాగలోకం అనే గుహ. గేటు మీద ఐదు పడగల పాము బొమ్మ చూసి మా అత్తమ్మ చెప్పులు విప్పేసింది. గుడి కాదు అత్తమ్మా, ఆట అని చెబితే, "ఐదు పడగలున్నంక ఆటేందే? గట్ల మాట్లాడకు, కండ్లు పోతయ్" అని, చాయ్ కోసం తెచ్చుకున్న పాల ప్యాకెట్ ఒకటి కొంగులో దాచుకుంది. మా వైపు నాగన్న కనబడితే ఉత్త చేతులతో పోరు, ఇంత పాలు పోయాల్సిందే.

లోపలికి పోతే ఏముంది, ఎర్ర లైట్లు, పొగ, రాళ్ల మధ్య రబ్బరు పాములు. వైరుతో తలలు ఊపుతున్నాయి, డబ్బా స్పీకర్‌లోంచి బుసకొడుతున్నాయి. ఇంట్లో పాము దూరితే తలుపు బయట చేతులు జోడించుకుని నిలబడే ఆడవాళ్లు ఇక్కడ టికెట్టు కొని మరీ "వామ్మో" అని అరుస్తున్నారు. మా ఆయన నా మోచేయి పట్టుకుని, కళ్లు సగం మూసుకుని నడుస్తున్నాడు. "రబ్బరుదే కదనే?" అని అడుగడుగుకూ అడుగుతున్నాడు. "రబ్బరుదే" అంటూ వస్తున్నాను. బయటికి పోయే దారి పక్కన, రాయి మీద పరుచుకుని ఒకటుంది. దానికి వైరు లేదు. తల ఊపడం లేదు, బుస కొట్టడం లేదు. నిజమైనది కాబట్టి ఆ ఆర్భాటం ఏమీ లేకుండా మమ్మల్ని చూస్తూ ఉంది. దాని నాలుక ఒక్కసారి బయటికి వచ్చి పోయింది. ఆరడుగుల జెర్రిపోతు. ఈసారి నేను "రబ్బరుదే" అనలేదు. మా ఆయన నా వెనక్కి జరిగాడు.

నా ఖర్మకు జారుడు సర్దారు కూడా అప్పుడే చూశాడు. "ఓ పటేలా! గిది అసలుదే! నాలుక ఆడిస్తుంది! జరగున్రి, జరగున్రి, మా పటేలుకు తొవ్వ ఇయ్యిన్రి!" అని గుహ అదిరేటట్టు అరిచాడు. నలభై మంది మావాళ్లు, వాళ్లు కాక ఊరుపేరు తెలియని జనం, అందరూ మా ఆయనను ముందుకు తోశారు. మూయడానికి తలుపు లేదు. ఎక్కడానికి స్టూలు లేదు. నా చేతిలో ఉప్పు లేదు, సకినాల సంచి ఉంది. జారిపడినవాడికే జన్మంతా మోసే పేరు పెట్టిన కాలనీ, పాముల పటేల్ పామును చూసి ఉరికితే ఏ పేరు పెడుతుందో, ఆ పేరు నా పిల్లల పెళ్లి పత్రికల దాకా ఎట్లా వస్తుందో ఒక్క క్షణంలో నా కళ్ల ముందు తిరిగింది. మా ఆయన గొంతు సవరించుకుని, "పైన చూడు..." అని మొదలుపెట్టాడు. తర్వాతి మాట బదులు, ఎక్కడానికి ఏమైనా ఉందా అని చుట్టూ చూశాడు.

అప్పుడు మా అత్తమ్మ ముందుకు వచ్చింది. పాల ప్యాకెట్ మూల పళ్లతో కొరికి, అసలు పామును వదిలేసి, అన్నిటికంటే పెద్ద పడగ ఉన్న రబ్బరు నాగన్న దగ్గరికి పోయింది (పెద్ద సారును పట్టుకుంటే చిన్నవాళ్లు మాట వింటారని ఆమె లెక్క). "నాగన్నా, తండ్రీ! నా కొడుకు కొలువు చేసుకొని బతికేటోడు. ఇగో పాలు తాగి సల్లగుండు, నీ పిల్లకు జర చెప్పు!" అని ప్యాకెట్ అంతా దాని నెత్తి మీద పోసింది. పడగలోంచి చిటచిటమని మెరుపు వచ్చింది. నాగన్న ఒకసారి గిరగిరా తిరిగి, తల వాల్చేశాడు. గుహలో లైట్లన్నీ పోయాయి.

ఇక చూడండి ఏడుపులు, తోపులాట! ఆ చీకట్లో ఒక్క మనిషి మాత్రం ఒక్కసారిగా నిలువెత్తు మనిషి అయ్యాడు. "ఏ, ఎవ్వరు ఉరుకొద్దు!" మా ఆయన గొంతే. వణుకు లేదు, రాగం లేదు. "ఎక్కడోళ్లు అక్కడనే నిలవడున్రి. పిల్లలను నడుమ పెట్టున్రి. ముందటోళ్ల భుజం మీద చెయ్యి ఎయ్యిన్రి. నేను గోడ పట్టుకొని నడుస్త, నా మాట ఇనుకుంట రాన్రి." చీకటి ఆయనకు రోజూ పోయే కొలువు. ఎవరి ఫోనో ఒక్క క్షణం వెలిగింది, రాయి మూలకు నక్కిన జెర్రిపోతు కనబడింది. సకినాలన్నీ అత్తమ్మ కొంగులో గుమ్మరించి, సంచి నోరు తెరిచి ఆ మూలకు పెట్టి, వెనక నుంచి చెప్పుతో చిన్నగా తట్టాను. బాపు చెప్పినట్టే అది చల్లగా లోపలికి పోయింది. మా ఆయన నా చెవి దగ్గరకు వంగి, "అది యాడున్నదే?" అన్నాడు.

"నా చేతులనే ఉన్నది. నువ్వు నడువు."

ఆయన జన్మలో అంత వేగంగా ఎన్నడూ నడవలేదు. అయినా వెనక ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు.

బయటికి రాగానే మెడలో టై కట్టుకున్న మేనేజర్ ఉరికొచ్చాడు. "కంగారు పడకండి! లైట్లు పోవడం కూడా మా షోలో భాగమే. దీన్ని చీకటి అనుభవం అంటాం."

"చీకటి మాకు కొత్తనా సార్?" అన్నాడు జారుడు సర్దారు. "రోజు ఎనిమిది గంటలు దాన్లనే ఉంటం. దానికి మాకే జీతమిస్తరు, టికెట్టు తీసుకోరు. లోపల అసలు పామున్నది, దాని సంగతి చెప్పు."

"అసలు పాములు ఉండే అవకాశమే లేదండీ. ఇక్కడి పుట్టలన్నీ తవ్వించి, చదును చేయించాకే మా రబ్బరు పాములను పెట్టించాం."

మా అత్తమ్మ సకినం కొరుకుతూ ఆగింది. "అంటే ఉన్నోటిని ఎల్లగొట్టి, లేనోటిని పెట్టిన్రా బిడ్డా?"

మేనేజర్ టై సర్దుకుంటుండగా ఆయన వెనక నీళ్ల మడుగులో రెండు నీరుకట్టె పాములు, టికెట్టు లేకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తీరిగ్గా ఈదుకుంటూ పోయాయి. జనం చప్పట్లు కొట్టారు. మేనేజర్ కూడా కొట్టాడు.

ఆ గోలలో జారుడు సర్దారు నా దగ్గరికి వచ్చి, "ఆకలైతుంది వదినా, రెండు సకినాలియ్యరాదు" అంటూ సంచిలో చెయ్యి పెట్టేశాడు. "ఏ, ముట్టకు! అత్తమ్మ నాగన్న పేరు మీద తీసిపెట్టినయి!" అని లాక్కున్నాను. అప్పటికే చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆయన చెయ్యి చూసుకున్నాడు, ప్యాంటుకు తుడుచుకున్నాడు, చప్పట్లు కొట్టేవాళ్లలో కలిసిపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మేము ఫిర్యాదు రాయకుండా ఉండాలని మేనేజర్ మా ఆయనకు సన్మానం చేశాడు. శాలువా దొరకలేదేమో, ఒక రబ్బరు నాగుపామును మెడలో వేసి ఫోటో తీయించాడు. ఆ ఫోటోలో మా ఆయన గట్టిగా కళ్లు మూసుకుని ఉంటాడు. కాలనీవాళ్లు దాన్ని చూసి ధ్యానంలో ఉన్నాడనేవాళ్లు. తర్వాత ఇద్దరం పార్కు వెనక గోడ దాటి, గుట్ట అంచున జెర్రిపోతును వదిలిపెట్టాం. పోయేటప్పుడు సంచి ఒక చెవి ఆయన పట్టుకున్నాడు. వేళ్ల కొనలతోనే, మొహం అటు తిప్పుకుని, అయినా పట్టుకున్నాడు. "ఒకనాడు అందరికి చెప్పేస్తనే. నువ్వే పడుతవని" అన్నాడు.

"చెప్తె నా ఉప్పు కొలువు పోదా?" అన్నాను. ఆయన నవ్వాడు. చెప్పలేదు. నేను కూడా చెప్పనియ్యలేదు.

మొన్నటేడు ఆయన పోయాడు. కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో అదే ఫోటో: మెడలో రబ్బరు పాము, మూసుకున్న కళ్లు. కంపెనీ పుస్తకంలోని పేరు చిన్న అక్షరాల్లో ఉంది, పాముల పటేల్ అని ఇంత లావున ఉంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, కానీ ఆ రెండు మాటలు ఒక్క చూపులో చదివాను. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వు వచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వానలు పడగానే జారుడు సర్దారు మా గుమ్మంలోకి వచ్చాడు. "అన్న లేకపాయె, ఇప్పుడెట్ల?" అంటాడనుకున్నాను. అనలేదు. "వదినా, మా స్నానాలకాడ పామున్నది. జర సంచి పట్టుకొని రా" అన్నాడు, ఎప్పటినుంచో నన్నే పిలుస్తున్నట్టు.

సంచి కోసం లోపలికి పోబోయి వెనక్కి తిరిగాను. "నీకు ఎప్పటిసంది ఎరుక?"

"సంచిల సకినాలు మెసుల్తయా వదినా?" అన్నాడు. "నాకే కాదు, కాలనీ అందరికి ఎరుకనే. అన్న మమ్ముల అసొంటి చీకట్లకెళ్లి బయటికి తెచ్చిండు. గా ఒక్కదానికి భయపడితె ఏమాయె? ఇంకో పేరు పెట్ట మనసొప్పలే."

ఇన్నేళ్లు ఈ రహస్యాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నానని గర్వపడ్డాను. కాలనీ మొత్తం దాన్ని నాతో పాటు మోస్తూ, నాకు తెలియకుండా జాగ్రత్తపడిందట! సంచి తీసుకుని పోయాను. గదిలోకి పోయి అలవాటు కొద్దీ తలుపు మూశాను. మూలకు ఒక స్టూలు ఉంది, ఖాళీగా. పాము బకెట్ వెనక ఉంది. నాకు మంత్రంతో పని లేదు, కానీ నోరు ఊరుకోలేదు. "పైన చూడు, పక్క చూడు..." అన్నాను, ఆ రాగంతోనే, ముక్కుతోనే. తర్వాతి మాటకు ముందు ఆ ఖాళీ స్టూలు దిక్కు చూసి ఆగాను.

తలుపు బయట నుంచి జారుడు సర్దారు, ఆయన వెనక ఇంకో నలుగురైదుగురు, రాగం ఏమాత్రం చెడకుండా అందుకున్నారు:

"కాలు పెట్టే ముందు కింద చూడు!"