గునుగు పువ్వు మీద గొల్లభామ

చంద్రపూర్‌లో గొల్లభామ పురుగును నా అంత దగ్గరగా చూసినవాడు లేడు. దాని కంట్లో నా ముఖం, నా వెనక దుర్గాపూర్ పవర్‌హౌస్ చిమ్నీలు కూడా కనిపించాయి.

సరే, చిమ్నీలు లేవు. ముఖమూ లేదు. ఒక నల్ల చుక్క కనిపించింది, అంతే. అదీ మా పక్కింటాయన తీసిన ఫొటోలో.

ఆయనా నాలాగే రిటైరైనవాడు. నాది సాస్తి బొగ్గుగని, ఆయనది పవర్‌హౌస్. నాకు ఫోనుకు తగిలించే గోళీ అంత లెన్సు ఉంది. ఆయనకు మోచేయంత కెమెరా. వానలు వెనకబట్టాక కాలనీ వెనక గడ్డిబీడులో, తెల్లారేసరికి పురుగులు మంచుకు బిగుసుకుని కదలవు. ఇద్దరం అక్కడే మోకాళ్ల మీద పాకేవాళ్లం. కాలనీవాళ్లు తీసిన ఫొటోల్లో ఒక్కదాన్ని పెద్దది చేసి దసరాకు మండపం ముందు పెడతారు. నిరుడు ఆయనదే పెట్టారు. ఈసారి నాది పెట్టాలి.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే పేర్చడానికి గునుగు పూలు కోసుకురమ్మని మా ఆవిడ కొడవలి ఇచ్చి పంపింది. ఒక కంకి మీద ఆకుపచ్చ గొల్లభామ, ఒళ్లంతా మంచు బొట్లు. ఊపిరి బిగబట్టి ఫోను దగ్గర పెట్టాను. తీశాను, మసక. మళ్లీ తీశాను, మళ్లీ మసకే. అంతలో దూరంగా ఆయన టోపీ కనిపించింది.

నాకు దక్కనిది ఆయనకెందుకు దక్కాలి? గుబురంతా కోసేసి సంచిలో కుక్కాను. గొల్లభామ ఎటో ఎగిరిపోయిందనుకున్నాను.

"ఏమన్న దొరికిందా అన్నా?" అన్నాడు వస్తూనే.

"ఏం లేదు తమ్మీ, ఉత్త గడ్డి."

మధ్యాహ్నం మా వాకిట్లో ఆడవాళ్లు గునుగుకు రంగులద్ది బతుకమ్మ పేరుస్తుంటే మా ఆవిడ కేక పెట్టింది. "గిదేందయ్యా! పువ్వులల్ల పురుగును గూడ పట్టుకొచ్చినవా?"

"కొట్టకు అక్కా, ఆగు! మా ఆయనను పిలుస్త" అంది పక్కింటావిడ.

ఆయన కెమెరాతో వచ్చి బతుకమ్మ ముందు బోర్లా పడుకున్నాడు. "అన్నా, జెర గొడుగు పట్టరాదు, ఎండ కొడ్తుంది."

పట్టాను.

దసరా నాడు మండపం ముందు తలుపంత బొమ్మ. గులాబీ రంగు గునుగు మీద ఆకుపచ్చ గొల్లభామ, ముందుకాళ్లు జోడించుకుని. "పువ్వులు అన్ననే తెచ్చిండు, గొడుగు గూడ అన్ననే పట్టిండు" అని వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్తుంటే నాకు ఇంకా మండింది.

"మంచిగనే ఉంది గానీ, పురుగు ఎడమ మీసం కొస మసకగుంది" అని నేనూ ప్రతివాడికీ చెప్పాను.

మరునాడు ఎవరూ లేనప్పుడు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. మీసం కొసదాకా వెంట్రుకంత సన్నగా, స్పష్టంగా ఉంది.

కాలనీలో మాత్రం ఇప్పటికీ మసకే అంటున్నాను.