అవ్వ అనపకాయలు మానేసిన చలికాలం

అనపకాయలు ఒలిచేటప్పుడల్లా మా నాయన ఒకే మాట అంటాడు. "మాయమ్మ ఏమీ తెలీకుండానే పోయింది. అదే మేలు." ఆ మాట వినగానే నాకు కాలు నిలవదు. చేతిలో కాయలు చాటలో పడేసి వాకిట్లోకి పోతాను, మళ్లీ లోపలికి వస్తాను, మళ్లీ పోతాను. "నీకేమొచ్చిందే, కుదురుగా కూర్చో" అని అమ్మ విసుక్కుంటుంది. ఎట్లా కూర్చోను?

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, కూడా కుదురుగా కూర్చునే మనిషి కాదు. మా హిందూపురానికి వచ్చే కర్ణాటక బస్సుల బోర్డులు చూసి, అరవై దాటాక కన్నడ అక్షరాలు పట్టేసింది. మిక్సీ బాగుచేసే ఆయన వస్తే పక్కనే పీట వేసుకునేది. "ఏమప్పా, ఈ తీగ తీసేస్తే ఏమైతాది?" అంటే ఆయన తీసి చూపించాల్సిందే. ఎవరైనా "ఏమో" అన్నారో, అయిపోయారు. "ఏమో అంటే ఎట్లా? చూడల్ల గదా!" అనేది. చూసేది కూడా. పెరుగు ఎందుకు పులుస్తుందో తేల్చుకోవాలని ఇంట్లో ఉన్న గిన్నెలన్నింట్లో పాలు తోడుపెట్టి, అమ్మతో చీవాట్లు తింది.

అట్లాంటి మనిషికి కడుపులో నొప్పి మొదలైంది. స్కానింగు గదిలోనూ ఊరుకోలేదు. "లోపలంతా చీకటి గదమ్మా, నీకెట్లా కనపడతాండాది?" అని అక్కడి అమ్మాయిని నవ్వించింది. రిపోర్టు చూసిన డాక్టరు మాత్రం నవ్వలేదు. క్యాన్సరు, బాగా ముదిరింది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు. నాయన బయట బెంచీ మీద ఉన్న అవ్వ దగ్గరికి పోయి, "ఏం లేదుమా, గ్యాసు" అన్నాడు. మా ఇళ్లలో అంతే. పెద్దవాళ్ల జబ్బు వాళ్లకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

నన్ను పక్కకు పిలిచి, "నోరు జారినావంటే చూడు. మాయమ్మ తట్టుకోలేదు" అన్నాడు.

గ్యాసు అనగానే అవ్వ పని మొదలుపెట్టింది. అది దేనివల్ల వస్తుందో కనపడినవాళ్లందరినీ అడిగి, మొట్టమొదట అనపకాయలు మానేసింది. అనపకాయలంటే ఆమెకు ప్రాణం. చలికాలమంతా ఆ చిక్కుడులాంటి కాయల గింజలు నానబెట్టి, తోలు పితికి, ఆ పితకపప్పు కూరతోనే సంగటి తినేది. ఇప్పుడు మేం తింటుంటే తను మజ్జిగన్నం కలుపుకొని గోడవైపు తిరిగి కూర్చునేది. కొన్నాళ్లకు నాయనను నిలేసింది.

"అనపకాయలు మానేసి చూసినా, నొప్పి తగ్గలే. కందిపప్పు మానేసినా, తగ్గలే. గ్యాసయితే తగ్గల్ల గదప్పా?"

"ఇంకా కొన్నాళ్లు చూడుమా."

సరేనని ఉర్లగడ్డ కూడా మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదే ఆమెకు ఆఖరి అనపకాయల కాలమని మా అందరికీ తెలుసు. తెలిసి తెలిసి ఆమె నోరు కట్టేస్తున్నాం. నాయన మీద అరిచాను. ఆయన కూడా అరవబోయి, అరవలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనే నీళ్లు తెచ్చిచ్చాను.

ధర్మవరంలో మగ్గం నేసే మా మేనత్త, అవ్వను ఒకసారి పంపమంటే నేనే తీసుకెళ్లాను. ప్యాసింజరు రైల్లో అవ్వ ఎప్పటిలాగే ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మారుతూ ఉంది. పెనుకొండలో ఉడకబెట్టిన అనపకాయల గంపతో ఒకామె ఎక్కింది. ఉప్పునీళ్ల వాసన పెట్టెంతా కమ్ముకుంది. అవ్వ గుటక మింగింది. మింగి, ముఖం కొండవైపు తిప్పుకుంది.

ఇక నావల్ల కాలేదు.

"అవ్వా, అది గ్యాసు కాదు."

చప్పున తిరిగింది. "మరేంది?"

చెప్పేశాను. క్యాన్సరన్నాను. నయం కాదన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాయన అన్నట్టే ఈమె ఇక్కడే కుప్పకూలిపోతే ఏం చెయ్యాలిరా దేవుడా అని హడలిపోయాను.

అవ్వ కళ్లనిండా నీళ్లు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. "యాడుండాది? ఎంతుండాది? తింటే పెరుగుతాదా?" నాకు తెలిసిందంతా చెప్పాను.

"అనపకాయలు తింటే?"

"దానికీ దీనికీ సంబంధమే లేదవ్వా."

"ఓసి మీ ఇల్లు బంగారం గానూ! ఊరికే నా నోరు కట్టేస్తిరి గదే!" అని నా తొడమీద ఒక్కటేసింది. గంపామెను కేకేసింది. "ఓ యమ్మా, ఇట్ల రా!"

ఇద్దరి ఒళ్లోనూ తొక్కలే. ఆమె ఏడుస్తూ తింటుంటే నేనూ ఏడుస్తూ తిన్నాను. ధర్మవరం దగ్గరికొస్తుండగా నాయన ఫోను. స్పీకరులో పెట్టి ఆమె చేతికిచ్చాను. అబద్ధం చెప్పిన కొడుకును కడిగి ఆరేస్తుందనుకున్నాను. నాకూ అదే కావాలి.

"మా, గ్యాసు ఎట్లుండాది?"

అవ్వ నోట్లోది మింగింది. "తగ్గినట్లే ఉండాదప్పా. నువ్వు చెప్పిందే నిజం. నువ్వేం దిగులు పడాకు."

ఫోను నాకిచ్చి, చెవి దగ్గరికి వంగింది.

"నాకు తెలుసని వానికి ఎప్పుడూ చెప్పొద్దే. వాడు తట్టుకోలేడు."