జర తగిలేసుకొని నిలబడు

మధురానగర్‌లో మా కింది పోర్షన్‌లో ఉండే అన్న సినిమా పాటల్లో హీరో వెనక బేస్ గిటార్ వాయిస్తూ కనిపించేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే, నా చిన్న బడ్జెట్‌లో ఒక బేస్ గిటార్ ఎంచిపెట్టమని ఆయన్నే షాపుకి తీసుకెళ్లాను. ఏ గిటార్ చూసినా ఆయనది ఒకటే మాట: "తమ్మీ, జర తగిలేసుకొని నిలబడు." ఒక్కటీ మోగించి చూడలేదు. "గా ఆంప్లిఫయర్ డబ్బా ఎందుకు, ఉత్త బరువు!" అన్నాడు.

తర్వాత ఫిల్మ్ నగర్‌లో ఆయన షూటింగ్ చూసి నిర్ఘాంతపోయాను. పాట లౌడ్‌స్పీకర్‌లోంచి వస్తోంది. ఆయన గిటార్‌కి ఆంప్లిఫయర్‌లోకి వెళ్లే వైరే లేదు.

ఆంప్లిఫయర్ నేనే కొనుక్కున్నాను. ఆయన దానిమీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. తీగ మీటాను. అదిరిపడి చెయ్యి తీసేశాడు.

"ఇన్నేండ్లు నేను భుజానికేసుకొని మోసింది గిదా, తమ్మీ?"