బోణీ కాకుండా రక్తం

మా మామగారికి కొవ్వూరులో కిరాణా కొట్టు ఉండేది. బోణీ కాకుండా ఆ కొట్లోంచి అగ్గిపుల్ల కూడా బయటికి వెళ్ళేది కాదు. పొద్దున్నే ఎవరైనా అరువుకి వస్తే, ఎంత దగ్గరవాళ్ళయినా సరే, "బోణీ అవనివ్వండి బాబూ" అని బల్ల మీద కూర్చోబెట్టేసేవారు. ఈ పట్టింపు ఆసుపత్రి దాకా వస్తుందని మాత్రం ఇంట్లో ఎవరం అనుకోలేదు.

ఎనభైల్లో, నేను కాపురానికి వచ్చిన కొత్తలో, బస్తాలు లాగే ఇనప కొక్కెం జారి ఆయన పిక్కలో దిగింది. పసుపు అద్ది కట్టు కట్టుకుని మళ్ళీ కొట్లో కూర్చున్నారు. కాలు వాచి, చీము పట్టి, జ్వరం ముంచుకొచ్చాక రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి కొట్టు. ఆసుపత్రి కాపలా నాకు పడింది. అప్పటిదాకా నేను మామగారి ఎదుట నోరు విప్పి ఎరగను. ఏం చెప్పాలన్నా అత్తగారితో చెప్పించేదాన్ని.

డాక్టరుగారు చిన్నవాడే గాని ఓపికమంతుడు. అప్పటిదాకా వాడిన మందులు వేటికీ ఆ క్రిములు లొంగలేదని, పరీక్షలో ఒక్క మందే మిగిలిందని చెప్పారు. "దాంతో చిక్కేంటంటే అమ్మా, తక్కువైతే పని చెయ్యదు, ఎక్కువైతే కిడ్నీలూ చెవులూ పాడవుతాయి. అందుకని రక్తంలో ఎంతుందో కొలుచుకుంటూ ఇవ్వాలి" అన్నారు. పొద్దుటి ఇంజక్షనుకి ముందు కొంచెం రక్తం, ఇచ్చిన గంటకి మళ్ళీ కొంచెం తీసి, ఐసులో పెట్టి కాకినాడ బస్సులో పంపించారు. అక్కడ ఆయన స్నేహితుడి లాబ్‌లో, క్రిములు పెంచిన పళ్ళెంలో ఈ రక్తం చుక్క వేసి, దాని చుట్టూ ఎంత మేర క్రిములు చచ్చాయో చూసి మందు లెక్క కడతారట. నాకు ఆ పద్ధతి భలే నచ్చింది.

రిపోర్టు చూడగానే డాక్టరుగారి మొహం వాడిపోయింది. ముందు రక్తంలోనూ తర్వాతి రక్తంలోనూ మందు ఇంచుమించు ఒకేలా ఉంది. అంటే పాత మందుని కిడ్నీలు బయటికి పంపడం లేదన్నమాట. మోతాదు సగానికి తగ్గించారు. రెండు రోజులకే జ్వరం మళ్ళీ ఎగబాకింది, కాలి ఎరుపు మోకాలి వైపు పాకింది. డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "పెంచితే కిడ్నీలు పోతాయి, పెంచకపోతే కాలు తియ్యాల్సి వస్తుందమ్మా. ఇంకోసారి రక్తం పంపి చూద్దాం" అన్నారు. రోజంతా కొట్లో నిచ్చెనెక్కి దిగే మనిషి కాలు లేకుండా ఏమైపోతారా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న నేను కాఫీకి వెళ్ళకుండా మంచం దగ్గరే ఉన్నాను. నర్సు రక్తం తియ్యడానికి వచ్చింది. మామగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ముందు సూది వెయ్యమ్మా, మొన్నట్లాగే."

నర్సు నిట్టూర్చి సూది వేసేసి, ట్రే పుచ్చుకుని మిగతా మంచాల వైపు వెళ్ళిపోయింది. వార్డంతా చుట్టబెట్టి వచ్చి తీరిగ్గా తీసేదే ఆ "ముందు" రక్తమని అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బిడియం పక్కన పెట్టేశాను.

"సూదికి ముందే రక్తం తియ్యాలన్నారు కదండీ మావయ్యగారూ."

గోడ మాట్లాడినట్టు చూశారాయన.

"పొద్దున్నే ఏదీ లోపలికి రాకుండా ఒంట్లోది ఇచ్చేస్తే ఎలాగమ్మా? బోణీ అవ్వొద్దూ? ముందు మందు రానిచ్చాను, తర్వాత రక్తం ఇచ్చాను. నేనేమీ ఎగ్గొట్టలేదే."

వెళ్ళి డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన వచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"మీ కిడ్నీల కోసం ఉన్న పుస్తకాలన్నీ తిరగేశానండి."

"నా కిడ్నీలకేమండీ, దుక్కల్లా ఉన్నాయి," అన్నారు మామగారు.

అంతా వివరంగా చెప్తే విన్నారు, తలూపారు, అయినా బోణీ బోణీయే అన్నారు. మర్నాడు నేను పావలా చేతిలో పెడితే, ఇంటి డబ్బు బోణీ ఎలా అవుతుందని నన్నే అడిగారు. చివరికి అత్తగారు పంపిన పటికబెల్లం పొట్లంలోంచి ఒక ముక్క డాక్టరుగారే పావలా ఇచ్చి కొనుక్కోవడానికి ఒప్పుకున్నారు.

"మీ చెయ్యి మంచిదేనాండి?"

"నేను కోసినవాళ్ళు చాలామంది బతికే ఉన్నారండి."

మామగారు ఆ పావలా కళ్ళకద్దుకుని దిండు కింద పెట్టుకుని, నర్సుకి చెయ్యి చాపారు. ఈసారి రిపోర్టులో ముందు రక్తంలో మందు దాదాపు లేనే లేదు. తర్వాతి రక్తంలో కూడా చాలినంత లేదు. డాక్టరుగారు ధైర్యంగా మోతాదు పెంచారు, మళ్ళీ కొలిపించి సరిచూసుకున్నారు. జ్వరం దిగింది, చీము తగ్గింది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న డాక్టరుగారు కట్టు విప్పి పుండు చూస్తున్నారు. మామగారు నన్ను సైగ చేసి పిలిచి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, నువ్వడుగు."

"ఏమడగనండి?"

"అదే, కాలు సంగతి."

వరండాలో మేం చెప్పుకున్నదంతా ఆయనకి వినబడిందన్నమాట. మందు వల్ల చెవులకేమీ కాలేదని నాకలా తెలిసింది. అంతా వివరించాక కూడా ఆ బోణీని అంత గట్టిగా పట్టుకున్నది కాలు పోతుందేమోనన్న భయంతోనేనని కూడా తెలిసి, ఆయన మీద కోపం పోయి జాలేసింది. ఊరందరితో బేరాలాడే మనిషికి ఆ ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

అడిగాను.

"ఉంటుందమ్మా, ఇంక భయం లేదు," అన్నారు డాక్టరుగారు.

మామగారు మొహం గోడ వైపు తిప్పుకున్నారు. నేను దుప్పటి సర్దబోతే, దాని కింద ఆ కాలి వేళ్ళు ఒక్కొక్కటే కదులుతున్నాయి.