వాచిన వేళ్లు, వంటింట్లో సంగటి

హిందూపురంలో మాకొక బేకరీ ఉంది. ఓవెన్ పని మా ఆయనది, క్రీమ్ పని నాది. ఆయనకు వేడంటే లెక్కలేదు, నాకు అక్షరాలు గుండ్రంగా వస్తాయి, అందుకని పని అట్లా పంచుకున్నాం. కేకు మీద పేరు తెలుగులో అడిగితే తెలుగులో, కన్నడంలో అడిగితే కన్నడంలో రాసేదాన్ని. మడకశిర వైపు నుంచి వచ్చేవాళ్లు తమ అక్షరాలు చూసుకుని మురిసిపోయేవారు.

నలభై దాటిన తర్వాత ఒక చలికాలం పొద్దున్నే లేచేసరికి వేళ్లు ముడుచుకోలేదు. వేడినీళ్లలో పెట్టుకుంటే గంటకో గంటన్నరకో వంగేవి. పగలంతా క్రీమ్ కోన్ పిండుతాను కదా, ఆ నొప్పే అనుకున్నాను. పేస్టు మూత మా ఆయనే తీసిచ్చేవాడు. కొన్నాళ్లకు కణుపులు వాచి, వేలికున్న ఉంగరం రానని మొండికేసింది. పైగా ఎంత నిద్రపోయినా ఒళ్లంతా అలసటగా ఉండేది.

ఒక సాయంత్రం ఒక అవ్వ కేకు కోసం వచ్చింది. ఇంట్లో ముసలాయనకు అరవై ఏళ్లు నిండాయట. కోన్ పట్టుకున్నాను గానీ పిండలేకపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన చేతిలోది తీసుకుని తనే రాశాడు. అవ్వ కేకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమప్పా, అక్షరాలు తాగొచ్చినట్లుండాయి."

"రాసే మనిషికి చేతులు నొప్పి అవ్వా. ఈ పొద్దు నేనే రాసినా."

అవ్వ నా చెయ్యి అందుకుని కణుపులు తడిమింది. "మా చెల్లెలికీ ఇట్లే అయ్యె. ఊరకే ఉండొద్దు పాపా, డాక్టరుకు చూపించుకో" అంది. ఆ కేకునే నవ్వుకుంటూ తీసుకుపోయింది.

కీళ్ల డాక్టరమ్మ ఒకామె బెంగళూరు నుంచి వారానికోసారి మా ఊరి క్లినిక్‌కు వస్తుంది. ఇద్దరం వెళ్లాం. రక్త పరీక్షలు చేయించింది. కాగితాలు చూసి, ఇది కీళ్లవాతమని చెప్పి, నా మొహంలో భయం గమనించినట్లుంది, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఓవెన్ ట్రే తగిలి చెయ్యి ఎప్పుడైనా కాలిందా?" అని అడిగింది.

"కాలకుండా యాడుంటుంది డాక్టరమ్మా."

"కాలినచోట ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడిగా ఉంటుంది. కొన్నాళ్లకు తగ్గిపోతుంది. ఆ వాపు మంచిదే. గాయాన్ని ఒళ్లు బాగుచేసుకుంటోందని అర్థం. దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటాం. మీ వేళ్లలో గాయం లేదు. ఉందని పొరపాటు పడి ఒళ్లు తన కీళ్లతోనే పోట్లాడుతోంది, ఆపడం లేదు. ఏళ్ల తరబడి అట్లా వదిలేస్తే కీళ్లు దెబ్బతింటాయి."

మందులు రాసింది. తర్వాత, పొద్దున లేచింది మొదలు ఏమేం తింటానో చెప్పమంది. చక్కెర ఎక్కువేసిన టీలో రెండు రస్కులు, పదకొండింటికి ఎగ్ పఫ్, మధ్యాహ్నం గబగబా ఇంత అన్నం, నాలుగింటికి బటర్ బన్, సాయంత్రం విరిగిన బిస్కట్లు. నేను ఆగితే మా ఆయన అందుకున్నాడు. "కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ అంచులు మరిసిపోయింది డాక్టరమ్మా. కోసినప్పుడు మిగిలేటివన్నీ ఈమెకే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అంటే మీ షాపుకు పెద్ద గిరాకీ మీరే" అంది. ముగ్గురం నవ్వాం. ఆ గదిలోకి వచ్చాక నాకు ఊపిరాడింది అప్పుడే.

మైదా, చక్కెర, పదే పదే కాగిన నూనె, వీటితోనే కడుపు నింపుకుంటే బరువు పెరుగుతుందనీ, ఒంట్లో ఇప్పటికే ఉన్న వాపుకు అది మరింత బలమిస్తుందనీ చెప్పింది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాల్లో పీచు ఉంటుంది. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులకు అదే ఆహారం. అవి బాగుంటే ఒళ్లు కొంత శాంతిస్తుంది. "అయితే ఒక మాట. తిండి మందుకు తోడు, అంతే. మందుకు బదులు కాదు. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చాక అసలు తమాషా మొదలైంది. పెనుకొండలో ఉన్న మా అక్క ఫోన్ చేసి, "వంకాయ ముట్టుకోవద్దు, టమోటా విషం, మా వీధిలో అందరూ అదే చెప్తాండారు" అంది. పక్కనే గాజుల అంగడి ఆమె పెరుగు వద్దంది. పాలు పోసే ఆయన పాలు తప్ప అన్నీ వద్దన్నాడు. ధర్మవరం నుంచి అమ్మ చెనిక్కాయలు వేడి చేస్తాయంది. వేరుశనగ పండే ఈ జిల్లాలో పుట్టి చెనిక్కాయలు మానేయమంటే ఎట్లా? అయినా భయం కొద్దీ అందరి మాటా విన్నాను. చివరికి నా కంచంలో మిగిలింది చప్పటి బీరకాయ, ఇంత అన్నం. రెండు వారాల్లో నొప్పి తగ్గకపోగా కోపం పెరిగింది. నేను కసిరితే మా ఆయన ఓవెన్ వెనక్కి వెళ్లి నిలబడేవాడు.

"నీతో కొట్లాడే ఓపిక నాకు లేదు. లేయ్, ఆ డాక్టరమ్మనే అడుగుదాం" అన్నాడొకరోజు.

ఆమె అంతా విని, "టమోటా మీ ఇంటికొచ్చి ఏం పాపం చేసింది?" అంది. ఎవరికైనా ఏదైనా పడకపోతే అది వాళ్లవరకు మానుకుంటే చాలట. నాకు వంకాయా పడుతుంది, పెరుగూ పడుతుంది. చెనిక్కాయలు గుప్పెడు తింటే మంచిదేనట. ఆ సాయంత్రమే గుత్తి వంకాయ చేసుకుని తిన్నాం. అంత రుచిగా వంకాయ నేనెప్పుడూ తినలేదు.

డాక్టరమ్మ చెప్పిన చిరుధాన్యాల కోసం రోజూ రాగి సంగటి చేసే పని మా ఆయన తన మీద వేసుకున్నాడు. మైదా కలపడంలో ఆయనకు సాటి లేరు గానీ రాగిపిండి ఆయన మాట వినలేదు. మొదటిరోజు ముద్దలో ఉండలు, రెండోరోజు జావ. మూడోరోజు ఎసట్లో పిండి పోసి, మూతపెట్టి ఉడకనిచ్చి, కట్టెతో గట్టిగా కెలికితే నున్నగా వచ్చింది. దాంతోపాటు ఉలవచారు, ఏదో ఒక ఆకుకూర, చెనిక్కాయల చట్నీ. మధ్యాహ్నం షాపులో కౌంటర్ వెనక కూర్చుని ఇద్దరం అదే తినేవాళ్లం. పఫ్ కోసం వచ్చినవాళ్లు మా కంచాల్లోకి తొంగిచూసేవారు. "ఏమబ్బా, మాకు కేకులమ్మి మీరు సంగటి తింటాండారా?" అని ఒకాయన రోజూ అడిగేవాడు.

మందు పట్టడానికి కొన్ని నెలలు పట్టింది. ఒకేసారి ఏమీ జరగలేదు. మొదట పేస్టు మూత తీయగలిగాను. తర్వాత జడ నేనే వేసుకున్నాను. వేసవి ముగిసేసరికి కోన్ పట్టుకుని పూర్తి పేరు రాశాను, ఒత్తులతో సహా. మా ఆయన పక్కన నిలబడి చూస్తూ, ఓవెన్ టైమర్ మోగుతున్నా కదల్లేదు. ఆ ట్రే బిస్కట్లు మాడిపోయాయి. రక్త పరీక్షలో వాపు తగ్గిందని తేలింది. ఎంత మందు వల్ల, ఎంత తిండి వల్ల అని అడిగితే, "విడదీసి చెప్పలేను, రెండూ వదలొద్దు" అంది డాక్టరమ్మ.

ఆ తర్వాత ధర్మవరంలో మా తమ్ముడి కూతురికి చెవులు కుట్టించారు. మేము రైలెక్కితే పెనుకొండలో అక్క కలిసింది. కూర్చుంటూనే నా చేతులు లాక్కుని చూసింది.

"వాపు పోయిందే. టమోటా మానేసినావు కదా?"

"రోజూ తింటాండా అక్కా."

అక్క నా చేతులు వదిలేసి, "అయితే నేనేంటికి మానేసినా?" అంది. ఆమెకు ఏ జబ్బూ లేదు. నాకు చెప్పి చెప్పి భయమేసి తానూ మానేసిందట. ధర్మవరం చేరేదాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఇంట్లో అమ్మ ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. ఒట్టు పెట్టినా నేను తిననేమోనని ముందే అలిగి ఉంది. నేను ఒకటి అడిగి పెట్టించుకున్నాను, నెయ్యితో. పండగ పూట ఒక ఓళిగ తింటే కీళ్లు కూలిపోవని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. అమ్మ మొహం విచ్చుకుంది. రెండోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, సంగటి ఏమైనా ఉందా అన్నాను.

"ఉండాది. నీ కోసం చేసినా గానీ అడుగుతావని అనుకోలేదు" అని లోపలికి వెళ్లి సంగటి, తోటకూర పప్పు తెచ్చింది. నా విస్తరి చూసి మా నాయన తనకూ ఒక ముద్ద కావాలన్నాడు. తమ్ముడు అడిగాడు. తర్వాత చెవులు కుట్టిన ఆచారి కూడా అడిగాడు. చివరికి గిన్నె అడుగు గీకి అక్కకు పెట్టాల్సి వచ్చింది. అమ్మకు మిగల్లేదు.

"బాగుంది. అందరూ ఓళిగలకొచ్చి సంగటి తిని పోతాండారు" అంటూ అమ్మ పొయ్యి మీద మళ్లీ ఎసరు పెట్టింది. అక్క టమోటాలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చుంది.